పాత మిల్లింగ్ యంత్రమును బాగుచేయుట
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



సాహిత్యమును గూర్చియు, గ్రంథాలయోద్యమమును గూర్చియు పెద్దలు ప్రసంగించిన పిమ్మట, ఇనుమును గూర్చి మాటలాడు పని నాకు అప్పగించినారు. కార్యదర్శిగారు ఆహ్వానపత్రికలో "మిల్లింగ్ యంత్రము" అని వేయించుటచే, నిన్నటినుండి నలుగురైదుగురు "ఏమండీ, మన ఊరికి కొత్త రైసుమిల్లు వచ్చుచున్నదా?" అని నన్ను అడిగిరి. ముందుగా ఆ సందేహము తీర్చెదను.

మన ప్రాంతమున మిల్లు అనగా వడ్లమిల్లు, కారంమిల్లు, పత్తిమిల్లు. ఇనుప పనివారి భాషలో మిల్లింగ్ అనగా వేరు. పళ్ళుగల కట్టరు ఒకటి గిరగిర తిరుగుచుండును. బల్లకు గట్టిగా బిగించిన లోహపు ముక్కను దానిక్రిందికి మెల్లగా జరుపుదుము. కట్టరు దానిని చెక్కుకొనుచు పోవును. లేతుయందు పని తిరుగును, ఉలి నిలిచియుండును. ఇందు కట్టరు తిరుగును, పని జరుగును. గుండ్రని వస్తువులు లేతు వంతు. చదును చేయుట, గాళ్ళు తీయుట, చక్రములకు పళ్ళు కోయుట ఈ యంత్రపు వంతు.

దీనితో రైతుకు ఏమి పని? ఒక్క ఉదాహరణము చాలును. షాఫ్టుమీద చక్రము జారకుండ నడుమ దోపెడి చదరపు ఇనుప ముక్కను కీ అందురు. అది కూర్చుండు గాడిని కీవే అందురు. పత్తిమిల్లులో జిన్ను రేయింబవళ్ళు ఆడుచుండగా ఆ గాడి అంచులు నలిగి వెడల్పగును. చక్రము కొట్టుకొనుట మొదలిడును. అప్పటికి డబ్బారేకు ముక్క యొకటి దోపి నడిపించెదరు. అది రెండు దినములు ఆగును; మూడవనాడు షాఫ్టే పాడగును. కారంమిల్లు షాఫ్టునకును, ట్రాక్టరు వెనుక రోటావేటరునకును, బోరుపంపునకును ఇదే వ్యాధి. గాడిని చక్కగా వెడల్పుచేసి పెద్ద కీ వేయుట మిల్లింగ్ యంత్రముపై గంట పని. ఆ గంట పనికై షాఫ్టును ఊడదీసి గుంటూరునకో, విజయవాడ ఆటోనగరునకో మోసికొనిపోయి, వరుసలో నిలిచి, తిరిగివచ్చునప్పటికి రెండు మూడు దినములు గడచును. పత్తి బండ్లు వాకిట నిలిచియున్నప్పుడు, కళ్ళములో మిరపకాయ ఎండి మబ్బు పట్టినప్పుడు, ఆ మూడు దినముల వెల ఎంతయో మీకు నేను చెప్పనక్కరలేదు.

అందుచేత నా ఇంటి వెనుక పెంకుటింటి కొట్టములో ఒక మిల్లింగ్ యంత్రమును నిలుపవలెనని సంకల్పించితిని. కొత్తది కొను శక్తి నాకు లేదు. పాతవి దొరకుచున్నవి. ఎట్లు దొరకుచున్నవో చెప్పెదను.

ఈ యంత్రపు పుట్టుక అమెరికా, ఇంగ్లండు దేశములలో 19వ శతాబ్దమున జరిగినది. 1862 ప్రాంతమున అమెరికాలో జోసెఫ్ బ్రౌన్ నిర్మించిన యూనివర్సల్ మిల్లింగ్ యంత్రము నేటి రూపమునకు మూలమని చెప్పవచ్చును. డ్రిల్లు బిట్టులకు మెలిక గాళ్ళు కోయుటకై ఆయన దానిని చేసెను. మన తెలుగుదేశమున ఈ విద్యకు పేరెన్నికగన్న చోటు సికింద్రాబాదు. 1943లో అచ్చట ప్రాగా టూల్సు సంస్థ ఏర్పడినది. లేతులకు చక్కులు, సానయంత్రములు, మిల్లింగ్ యంత్రములు దాని పేరుతో దేశమంతట వ్యాపించినవి. బెంగుళూరున 1953లో హిందుస్థాన్ మెషీన్ టూల్సు స్థాపితమైనది. ప్రాగా తరువాతి కాలమున అందులోనే కలిసినది. హైదరాబాదు బాలానగరున 1968లో టూల్ డిజైను కేంద్రసంస్థ వెలసి, పనిముట్ల విద్యను వేలమంది యువకులకు నేర్పినది. ఆ దశాబ్దములలో పోతపోసిన యంత్రములు బరువైనవి, మందమైనవి. కంప్యూటరుతో నడుచు యంత్రములు వచ్చిన పిమ్మట కార్ఖానాలవారు వీనిని వేలము వేయుచున్నారు. తుక్కు ఇనుము ధరకంటె కొంచెమెక్కువ ఇచ్చినచో టన్ను బరువుగల యంత్రము ఇంటికి వచ్చును.

నేను కొన్నది మూతపడిన ఒక షెడ్డులో దొరకినది. పేరుపలక ఊడిపోయినది, ఎవరు చేసినదో తెలియదు. అమ్మినవాడు దానికి ముందుదినమే ఆకుపచ్చ రంగు కొట్టించి, కొత్తదానివలె నున్నదని నమ్మబలికెను. పాతయంత్రము కొనువారు రంగును చూడరాదు. బల్లను మధ్యకు తెచ్చి చేతిచక్రము కదలించి వదులెంతయో చూడవలెను. పిమ్మట బల్లను ఒక చివరకు జరిపి మరల చూడవలెను. మధ్యన వదులుగా, చివరన బిగుతుగా నున్నచో మరచుట్టు మధ్యభాగమున అరిగినదని అర్థము. ఏలయన, ముప్పాతిక వంతు పని బల్ల నడుమనే జరుగును. స్పిండిలు తలలో డయల్ గేజి ముల్లు ఆనించి చేతితో త్రిప్పి చూడవలెను. నా యంత్రమున ముల్లు మిల్లీమీటరులో నూరవ వంతుకంటె ఎక్కువ కదలలేదు. స్పిండిలు, బేరింగులు ఆరోగ్యముగా నున్నవి కనుకనే కొంటిని. జారుడు బాటలు అరిగిన మనుష్యుడు బాగుచేసికొనగలడు. స్పిండిలు పోయినచో ఇంటి కొట్టములో చేయగలిగినది తక్కువ.

ఇంటికి చేర్చునప్పుడు బల్లను మధ్యకు, దాని క్రింది మోకాలు భాగమును అడుగునకు దించి, ముక్కాలికి చైనుపుల్లీ కట్టి లేపితిమి. ఇనుప గొట్టములమీద దొర్లించితిమి. అది సులువు. నేలతోనే చిక్కు వచ్చినది. మనది నల్లరేగడి. వానకు ఉబ్బును, ఎండకు అరచేయి దూరునంత నెఱ్ఱెలు విచ్చును. దానిమీద నేరుగా సిమెంటు పోసి యంత్రమును నిలిపినచో వినాయకచవితికి ఒక వాలు, ఉగాదికి మరియొక వాలు. కావున రేగడిని మూడడుగుల లోతున తీసివేసి, ఎర్ర గ్రావెలు పొరలు పొరలుగా దిమ్మెసకొట్టి, దానిమీద ఇనుపచువ్వలతో కాంక్రీటు వేయించితిని. కొట్టము చూరునీరు పునాది దరికి రాకుండ కాలువ తీయించితిని. లేతువలె దీనికి పొడవైన మంచము లేదు కనుక కొంచెము వాలినను మెలిపడదు. ఐనను ఏడాదికి రెండుమార్లు రసమట్టము పెట్టి చూచుచునే యున్నాను. తాపీపనివారి రసమట్టము ఇందుకు చాలదు. మీటరు పొడవున మిల్లీమీటరులో యాబదవ వంతు ఎత్తు తేడాను చూపునట్టిది కావలెను.

యంత్రమును విప్పగా కనబడినది మురికి. నూనె పోయవలసిన రంధ్రములలో ఎవరో పుణ్యాత్ములు ఏండ్ల తరబడి గ్రీజు కొట్టిరి. ఆ గ్రీజు గట్టిపడి నూనె దారులన్నిటిని మూసివేసినది. యంత్రము నూనెలేక అరుగుచుండగా, చూచువానికి మాత్రము కావలసినంత జిడ్డు కనబడుచుండెను! కిరసనాయిలులో నానబెట్టి, సన్నని తీగతో పొడిచి, గాలితో ఊది అన్ని దారులు తెరచుటకు పదిదినములు పట్టినది. మన ఊళ్ళలో మరియొక శత్రువు కలదు: దూదిపోగు. గాలిలో తేలివచ్చి నూనెలో తడిసి కంబళివలె అతుకుకొని, ఇసుకరేణువులను తనలో దాచుకొనును. ఆ కంబళి జారుడు బాటలను రాచిన రాపిడి ఇంతంత కాదు. అందుకే బాటల చివరలకు ఉన్నిగుడ్డ తుడుపులను బిగించితిని.

ఇక అసలు సంగతికి వచ్చుచున్నాను. బల్ల జారెడి బాట నడుమ మిల్లీమీటరును నూరు భాగములు చేసినచో అందు పదునైదు భాగముల గుంట పడియుండెను. కంటికి కనబడదు. కాని దానిమీద చెక్కిన గాడి ఒకవైపు లోతుగా, ఒకవైపు పైగా వచ్చును. దీనిని సరిచేయుటకు మట్టమైన కొలబద్ద కావలెను. మట్టము అను వస్తువు లోకములో మొదట ఎట్లు పుట్టినది? ఒక మట్టపు పలకను చేయుటకు మరియొక మట్టపు పలక కావలసినచో, మొదటిది ఎక్కడిది?

మన తిరగలిని చూడుడు. పై రాయి, క్రింది రాయి ఒకదానినొకటి రాచుకొని చక్కగా అతుకును. అతికినంతమాత్రమున రెండును మట్టమని చెప్పరాదు. ఒకటి గిన్నెవలె గుంటపడి, రెండవది దానికి సరిగా బోర్లించిన చట్టివలె ఉబ్బినను అతుకును. కావున రెండు పలకలతో మట్టము రాదు. మూడవ పలక కావలెను. మొదటిదానికి రెండవది, రెండవదానికి మూడవది, మూడవదానికి మరల మొదటిది అతుకవలెను. ఒకటి గుంటయైనచో దానికతుకు తక్కిన రెండును ఉబ్బుగా నుండవలెను. ఉబ్బినవి రెండు ఒకదానితోనొకటి అతుకజాలవు. మూడును మట్టమైనప్పుడే మూడు జతలును అతుకును. లండనులో మాడ్స్లే కార్ఖానాలో పెరిగిన ఈ పద్ధతిని ఆయన శిష్యుడు జోసెఫ్ విట్‌వర్తు 1840లో పండితసభ ముందు వివరించెను. కొలబద్దలేకుండ కొలబద్దను పుట్టించు ఈ యుక్తికి నేను ఎన్నిమార్లు ఆశ్చర్యపడితినో చెప్పలేను. నేడు ప్రపంచమందలి కొలతలన్నిటి వెనుక ఈ మూడు పలకల వంశము కలదు.

ఇప్పుడు సర్ఫేసు ప్లేటులు నల్ల గ్రానైటుతో చేయుచున్నారు. మన చీమకుర్తి రాయి లోకప్రసిద్ధము కదా, దానినే కోయించి వాడుకొనరాదా అని ఒక మిత్రుడు అడిగెను. రాయి మంచిదే. కాని నేలపరపు బండకు వేసిన మెరుగు వేరు, మట్టము వేరు. అద్దమువలె ముఖము కనబడు బండ మీటరు పొడవున మిల్లీమీటరు వంగియుండవచ్చును. నేను కొన్నది కొలిచి ముద్రవేసిన చిన్న ప్లేటు.

దానిమీద ప్రష్యన్ బ్లూ అను నీలిరంగును పలుచగా పూసి, యంత్రభాగమును దానిపై మెల్లగా రుద్దవలెను. మిట్టలున్నచోట నీలము అంటును. గుంటలు తెల్లగా నుండును. అంటినచోట్లను మాత్రము స్క్రేపరుతో గీకవలెను. ఒక్క గీకుడుకు లేచు పొర మిల్లీమీటరులో నూరవ వంతుకంటె తక్కువ. మరల తుడుచుట, మరల రుద్దుట, మరల గీకుట. మొదట రెండు మూడు చోట్ల మాత్రమే నీలపు మచ్చలు; నాలుగు దినములకు పది; నెలకు అంతటను చుక్కలు. అంగుళము చదరమున పదునైదు ఇరువది చుక్కలు సమానముగా వచ్చినప్పుడు ఆపవచ్చును. ఆ చుక్కల నడుమ మిగిలిన స్వల్పపు గుంటలు వృథా కావు. నూనెను నిలుపుకొనునవి అవియే.

నా బల్ల మీటరు పొడవు. నా ప్లేటు అంత లేదు. కావున బల్లను బాలానగరునకు పంపి గ్రైండింగు చేయించి తెచ్చి, దానినే కొలబద్దగా పెట్టుకొని శాడిలు బాటలను గీకితిని. తక్కిన చిన్నభాగములు ఇంటనే పూర్తియైనవి. మొత్తము నాలుగు మాసములు, ప్రతి ఉదయము రెండు గంటలు. ఉదయమే ఎందుకన, మన ఎండ. ఇనుము మీటరు పొడవునకు ఒక్క డిగ్రీ వేడికి సుమారు 11 మైక్రానులు సాగును. అంతట సమానముగా సాగిన బాధలేదు. కిటికీ ఎండ పైభాగమున పడి క్రిందిభాగము చల్లగా నున్నచో బల్ల విల్లువలె వంగును. అట్లు వంగినదానిని మట్టముగా గీకినచో, రాత్రి చల్లారిన పిమ్మట అది మరల మట్టము తప్పును. రెంటచింతల ఎండలు కాయు దేశములో ఈ పని సూర్యోదయమునకు ముందు మొదలుపెట్టవలసినదే.

పిమ్మట మరచుట్టు. దానికి కొత్తది కోయించి, నట్టును రెండు ముక్కలుగా చేసి, నడుమ బిగింపు పెట్టి వదులు తగ్గించితిని. ఈ వదులు ఎందుకు ప్రమాదమో పడుచువారు గుర్తుంచుకొనవలెను. బల్ల పోవు దిక్కునకు ఎదురుగా కట్టరు పళ్ళు వచ్చునట్లు చెక్కినచో వదులు బాధించదు. పళ్ళు బల్లతోపాటు అదే దిక్కునకు పోవునట్లు చెక్కినచో, కట్టరు పనిని తనలోనికి లాగుకొనును. వదులున్నంత మేర బల్ల ఒక్కసారిగా దుముకును. కట్టరు విరుగును, ఒక్కొక్కప్పుడు వ్రేళ్ళును. పంచె, తువ్వాలు, చేతితొడుగు ధరించి ఈ యంత్రము దరికి ఎవ్వరును రారాదని నా కొట్టము గుమ్మముపై వ్రాసియుంచితిని.

కరెంటు సంగతి క్లుప్తముగా చెప్పెదను. యంత్రపు మోటారు మూడు ఫేజులది, 2 గుర్రముల బలము, 415 వోల్టులు, స్టారు కనెక్షను. ఇంటిలో నున్నది ఒక ఫేజు, 230 వోల్టులు. వ్యవసాయపు మూడు ఫేజుల తీగనుండి లాగుకొనుమని సలహా యిచ్చినవారు కలరు. ఆ కరెంటు సేద్యమునకు ఇచ్చినది; దానితో కార్ఖానా నడుపుట చట్టవిరుద్ధము. తగిన తరగతి కనెక్షను తీసికొని, ఒక ఫేజును మూడు ఫేజులుగా మార్చు డ్రైవు అను పెట్టెను పెట్టితిని. అది ఇచ్చునది 230 వోల్టులే కనుక మోటారును స్టారునుండి డెల్టాకు మార్చవలెను. 415 వోల్టులకే డెల్టాగా కట్టిన పెద్ద మోటారులకు ఈ ఉపాయము పనికిరాదు. పలక చదివి గాని చేయరాదు. డ్రైవుతో వేగము ఎట్లు కావలసిన అట్లు తగ్గించుకొనవచ్చును. కాని మరీ తగ్గించినచో మోటారు పంకా కూడ నెమ్మదించి మోటారు కాగును. అందుచే పాత బెల్టుపుల్లీలను తీసివేయలేదు. మరియొకటి: కరెంటు పోయి వచ్చినప్పుడు యంత్రము తనంతట తాను కదలకుండు స్టార్టరు ఉండితీరవలెను. మన ఊరి కరెంటును గూర్చి ఇంతకంటె చెప్పనక్కరలేదు.

చిట్టచివరకు, ఎన్ని మైక్రానులు జరిగినదో అంకెలలో చూపు పెట్టెను బిగించితిని. దీనిని గూర్చి నా అభిప్రాయము కొంచెము కటువుగా నుండును. పాతయంత్రము కొన్నవారిలో పెక్కుమంది మొదట కొనునది ఈ పెట్టెయే. ఎర్రని అంకెలు చూచినచో యంత్రము కొత్తదైనట్లు తోచును. ఆ అంకె గాజుపట్టీ మీది స్థానమును చెప్పును. కట్టరు మొనవద్ద ఏమి జరుగుచున్నదో దానికి తెలియదు. బాటలు అరిగి బల్ల ఊగుచున్నచో అంకె స్థిరముగానే యుండును, గాడి మాత్రము వంకరపోవును. బాటలు సరియైన పిమ్మట ఆ పెట్టె మంచి సేవకుడు. మరచుట్టు వదులును లెక్కపెట్టు శ్రమ తప్పించును. కావున మొదట మట్టము, తరువాత మరచుట్టు, ఆ తరువాత మోటారు, అన్నిటికి కడపట అంకెల పెట్టె. ఈ వరుస తలక్రిందైనచో డబ్బు ఖర్చగును, యంత్రము బాగుపడదు.

ఇప్పుడా యంత్రము పని చేయుచున్నది. ఈ సంవత్సరము జిన్ను షాఫ్టులకు కీవేలు, కారంమిల్లు చక్రములకు గాళ్ళు, పాతపంపులకు మూతలు దానిపై చేసితిని. పళ్ళచక్రములును కోయుచున్నాను. అందులో నున్నది భిన్నముల లెక్క. విభజన చక్రపు పిడి 40 చుట్లు తిరిగినచో పని ఒక చుట్టు తిరుగును. 28 పళ్ళు కావలెనన్నచో 40ని 28తో భాగించవలెను: ఒకటిన్నీ, ఏడింట మూడున్నూ. 21 రంధ్రముల పలకపై ఒక పూర్తిచుట్టు, తొమ్మిది రంధ్రములు. మన ఉన్నతపాఠశాల పిల్లలు ఇద్దరు ఈ లెక్క విని, 30 పళ్ళకు ఎంతయో నాకంటె ముందుగా చెప్పిరి.

ఆ పిల్లలను తలచుకొనియే ఈ మాటలు చెప్పుచున్నాను. ఐ.టి.ఐ. చదివిన మన యువకులు హైదరాబాదునకును, చెన్నపట్టణమునకును పోవుచున్నారు. పోవలదని నేననను. కాని గీకుడు పనివంటి విద్యలు ఎరిగిన వృద్ధులు తగ్గిపోవుచున్నారు. వారు నేర్చినది తెలుగున వ్రాసిపెట్టినవారు అరుదు. నేను ఈ పని చేయుచు రోజువారీ వ్రాసికొన్న పుస్తకము ఒకటి కలదు. పటములతో కూడ శుద్ధప్రతి వ్రాయించి ఈ గ్రంథాలయమునకు ఇచ్చుచున్నాను. వేటపాలెము సారస్వత నికేతనమువంటి చోట 1918 మొదలు మన పెద్దలు పాతపత్రికలను కూడ పారవేయక దాచినారు. ఒక మెకానిక్కు నోటుపుస్తకమునకు ఇచ్చట చోటు దొరకునని నా విశ్వాసము.

కార్యవర్గమువారికి ఒక మనవి. గ్రంథాలయము పుస్తకములను ఎరువిచ్చును. డయల్ గేజి, సూక్ష్మమైన రసమట్టము, చిన్న సర్ఫేసు ప్లేటు ఏడాదికి నాలుగుసార్లు మాత్రమే కావలసినవి. ఒక్కొక్క షెడ్డువాడు విడివిడిగా కొనలేడు. చందాదారులకు వానిని కూడ పుస్తకములవలె సంతకము పెట్టించుకొని ఎరువిచ్చుట సాధ్యమేమో ఆలోచింపగోరెదను. ఆరంభముగా నా రెండవ డయల్ గేజిని పెట్టెతోసహా తెచ్చితిని. అది అధ్యక్షులవారి బల్లమీద నున్నది. దానికి రేపే గ్రంథాలయపు సంఖ్య వేసికొనవచ్చును.